ప్రేమానందం నోరు మెదపని రోజు

ఆ రోజుకు ప్రేమానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరులో దిగాలి. అక్కడి నుంచి సోమల దారిలో నడిచి ఉలవలదిన్నె చేరుకోవాలి. ఊళ్ళో మూడు చోట్ల కొంతమందిని కూర్చోబెట్టి, తాగే నీళ్ళ గురించి వాళ్ళ చేత మాట్లాడించాలి. తాను మాత్రం మాట్లాడకూడదు. సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాలి.

తక్కిన పనులన్నీ ఎలాగో జరిగిపోతాయి గానీ, మాట్లాడకుండా ఉండడం ఒక్కటే తన మొగుడి వల్ల కాదని పుష్పమ్మ సంకటి ముద్ద మూట కడుతూ అనుకుంది. పైకి మాత్రం, దారిలో ఎండ ఎక్కువగా ఉంటుంది, గొడుగు తీసుకుపొమ్మని చెప్పింది.

ప్రేమానందం మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రి తరఫున పల్లెలు తిరిగి ఆరోగ్యం గురించి చెప్పే మనిషి. అతని తండ్రి చర్చిలో ఉపదేశి. ఆదివారం ఆయన ప్రసంగం మొదలుపెడితే వెనక వరసలో ఆడవాళ్ళు ఇంటికి పోయి, పొయ్యి మీద ఎసరు పెట్టి, తిరిగొచ్చి కూర్చునేవారు. ఆ గొంతూ ఆ ఓపికా కొడుక్కు ఆస్తిగా వచ్చాయి. యుద్ధం మూలాన పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్న రోజులవి. ఏ ఎత్తు దగ్గరో బస్సు ఆగిపోయి, క్లీనరు దిగి వెనకనున్న డ్రమ్ములో నిప్పు రాజేస్తుంటే, ఆ కాస్త సేపట్లో ప్రేమానందం ప్రయాణికులకు దోమల గురించి చెప్పడం పూర్తి చేసేవాడు. వాళ్ళు వినేవారు. ఎక్కడికి పోతారు?

ఉలవలదిన్నెకు అతను అంతకు ముందు చాలాసార్లు పోయాడు. ఆ ఊరికంతా తాగడానికి ఒకటే బావి, మెట్లబావి. ఆడవాళ్ళు మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుకునేవారు. ఏటా ఎండాకాలంలో ఊళ్ళో సగంమందికి నారి కురుపు లేచేది. కాలి మీద నిప్పు పెట్టినట్టు బొబ్బ వస్తుంది, అది పగిలి అందులోంచి దారం లాంటి పురుగు కొంచెం కొంచెంగా బయటపడుతుంది. దాన్ని ఒక పుల్లకు చుట్టుకుంటూ మనిషి నెల రోజులు మంచం మీద ఉంటాడు. సరిగ్గా చేలో పని ముమ్మరంగా ఉన్నప్పుడే వస్తుందది. కురుపు మంట చల్లారుతుందని జనం కాలు తీసుకుపోయి అదే బావి నీళ్ళలో పెట్టేవారు. పురుగు పిల్లలు నీళ్ళలో పడేవి, ఆ నీళ్ళు ఊరంతా తాగేది, మరుసటి ఏడు మళ్ళీ కురుపులు లేచేవి.

మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి నీళ్ళు చేదుకుంటే ఈ జబ్బు పోతుందని ప్రేమానందం పోయినప్పుడల్లా గంటలకొద్దీ చెప్పాడు. జనం తల ఊపారు. మజ్జిగ ఇచ్చారు. అతను ఊరు దాటకముందే బిందెలు పట్టుకుని మెట్లు దిగారు. ఆ మెట్లు కట్టించింది ఊరి పెద్ద కొండప్ప వాళ్ళ తాత. తాను బతికుండగా అందులో ఒక్క రాయి కూడా కదలదని కొండప్ప నెమ్మదిగా, నవ్వుతూ, ప్రతిసారీ చెప్పి పంపేవాడు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ పేరు విక్టోరియా. జుట్టు నెరిసిన మనిషి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పత్రిక ఉండేది. మనుషులకు ఉపన్యాసమిస్తే వింటారు గానీ నిర్ణయం తీసుకోరనీ, ఏడెనిమిది మందిని ఒకచోట చేర్చి ఒకే విషయం మీద వాళ్ళ చేతనే మాట్లాడిస్తే ఆ నిర్ణయం వాళ్ళదే అవుతుందనీ ఆమె చదివింది. మగవాళ్ళు ఒకచోట, ఆడవాళ్ళు ఒకచోట, గొర్రెలవాళ్ళు ఒకచోట కూర్చోవాలి. పిలిచిన మనిషి అడగాలే గానీ చెప్పకూడదు.

"వాళ్ళు నన్నే తిరిగి అడిగితే ఏం సెప్పేదమ్మా?" అన్నాడు ప్రేమానందం.

"మీరేమనుకుంటున్నారని అడుగు. అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. నీ మాటలు ఆ ఊరికి అలవాటైపోయినాయి, ప్రేమానందం. వానచప్పుడు లాగా."

ఆ మాట అతన్ని నొప్పించింది. అయినా సరేనన్నాడు.

ఉలవలదిన్నెలో కొండప్ప ఇంటి ముందు ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ముగ్గులేస్తున్నారు. ఆ మధ్యాహ్నం కుప్పం వైపు నుంచి చెంగల్రాయుడనే రైతు వస్తున్నాడు. కొండప్ప కొడుకు బాలప్పకు తన కూతుర్ని ఇవ్వాలని అతని ఆలోచన. ఇల్లూ వాకిలీ పిల్లవాణ్ణీ చూసుకుని పోవడానికి ఒక్కడే వస్తున్నాడు. నచ్చితే మాట ఇచ్చేస్తాడు. మంచి సంబంధం. బాలప్పకు అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి, మూడోది తప్పిపోతే బాగుండదని తల్లి తాయమ్మ వారం రోజులుగా దేవుళ్ళకు మొక్కుతోంది. ప్రేమానందం పని తొందరగా ముగిస్తే మేలని కొండప్ప మర్యాదగా చెప్పి, ఏడెనిమిది మంది రైతులను అరుగు మీదికి పిలిపించాడు. ఆస్పత్రి మనిషి కాబట్టి ప్రేమానందాన్ని అరుగు దాకా రానిచ్చేవారు. కిరస్తానీ కాబట్టి అరుగు దాటి రానిచ్చేవారు కారు.

రైతులు వక్కాకూ దగ్గర పెట్టుకుని, గోడలకు ఆనుకుని, చాలాసేపు కూర్చోవడానికి సిద్ధపడ్డారు. ప్రేమానందం గొంతు సవరించుకున్నాడు.

"మన బావి నీళ్ళు ఎట్లుండాయప్పా?" అని నోరు మూసుకున్నాడు.

జనం ఎదురు చూశారు. అతను ఇంకేమీ అనలేదు. ఒకరు దగ్గారు. ఇంకొకరు ఆకుకు సున్నం రాసుకున్నారు. ఎంతసేపటికీ ఉపన్యాసం మొదలుకాకపోయేసరికి, పిలిచిన మనిషిని చిన్నబుచ్చడం బాగుండదని కొండప్పే అందుకుని, తమ బావి నీళ్ళ వంటి నీళ్ళు ఈ చుట్టుపక్కల లేవనీ, పుంగనూరు నుంచి వచ్చిన అధికార్లు కూడా తాగి మెచ్చుకున్నారనీ చెప్పాడు. ప్రేమానందానికి నాలుక దురద పుట్టింది. దాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

మూలన కూర్చున్న దాసప్ప అతన్నే చూస్తున్నాడు. దాసప్ప వారానికోసారి పుంగనూరు సంతకు పోయి, కూరగాయలతో పాటు యుద్ధం కబుర్లు మోసుకొచ్చే మనిషి.

"నువ్వు ఇట్ల ఊరకుండే మనిషివి గాదే, ప్రేమానందమప్పా," అన్నాడు. "మాట్లాడొద్దని నీకు ఎవురన్నా సెప్పి పంపినారా?"

ఎవరో చెప్పి పంపిన మాట నిజమే. అబద్ధం ఆడడం ప్రేమానందానికి చేతకాదు, నిజం చెప్పడానికి అనుమతి లేదు.

"మీరేమనుకుంటాండారు?" అన్నాడు.

దాసప్ప ముందుకు జరిగాడు. ఈ కొండల పక్కన ఎక్కడో మిలిటరీ క్యాంపు పెడతారని సంతలో విన్నాననీ, అంతమంది సోల్జర్లకు మంచినీళ్ళ బావి కావాలనీ, అది చూసుకోవడానికి ఈ మనిషిని పంపారేమోననీ అందరికీ వినబడేలా అన్నాడు. అందరూ ప్రేమానందం వైపు తిరిగారు. ప్రేమానందం చెమట తుడుచుకుని, మీరేమనుకుంటాండారప్పా అని మళ్ళీ అడిగాడు.

తరువాత కొండప్ప నోట్లోని తాంబూలం ఊసి వచ్చాడు.

"నిజం సెప్పాలంటే, అవి మనుషులు తాగే నీళ్ళు కావప్పా," అన్నాడు.

అక్కడి నుంచి ఆ నీళ్ళు చూస్తుండగానే చెడిపోయాయి. ఉప్పగా ఉంటాయని ఒకరూ, వాసనని ఒకరూ, పప్పు ఉడకదని ఒకరూ చెప్పారు. దాసప్ప తన ఎద్దు ఆ నీళ్ళు తాగే చచ్చిపోయిందన్నాడు. ఆ ఎద్దును అతను ముందటి నెలలోనే సదుం సంతలో అమ్మిన సంగతి అందరికీ తెలుసు. అయినా అయ్యో పాపమన్నారు. ఇన్నేళ్ళుగా నారి కురుపుకూ నీళ్ళకూ సంబంధం లేదని వాదించిన కొండప్ప, కురుపులన్నీ ఆ బావిలోంచే వస్తున్నాయనీ, తన భార్య తాయమ్మ కాలిలో కూడా వారం నుంచి పురుగు ఉందనీ, ఇటువంటి నీళ్ళు ఏ సోల్జరుకూ పనికిరావనీ ఒప్పుకున్నాడు.

ప్రేమానందం ఆనందంతో లేచి నిలబడ్డాడు. తాను ఇన్నేళ్ళు అరిచినా రాని మాట, నోరు మూసుకుంటే ఒక్క పూటలో వచ్చింది. డాక్టరమ్మ మీద ఉన్న కాస్త కోపం కూడా పోయింది.

ఆడవాళ్ళు కళ్ళం దగ్గర నీడలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నారు. తాయమ్మ కూడా అక్కడే ఉంది. కాలు చీర కుచ్చెళ్ళ కింద ముడుచుకుని, ముఖంలో నొప్పి కనబడకుండా కాయలు ఒలుస్తోంది. ఆమె పక్కన యశోదమ్మ. ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిర్చేదీ, కుదిరినవాటి మంచిచెడ్డలు చెప్పేదీ ఆవిడే. మిలిటరీ సంగతి మగవాళ్ళు ఇంకా ఎవరికీ చెప్పలేదు.

కాలి సంగతి అప్పుడే విన్నాడు కనక ప్రేమానందం చూపు తనకు తెలియకుండానే తాయమ్మ కుచ్చెళ్ళ వైపు పోయింది.

"మీ ఇండ్లల్లో ఎవురికన్నా కాళ్ళకు కురుపులుండాయామ్మా?" అని అడిగి ఊరుకున్నాడు.

యశోదమ్మ చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. వియ్యంకుడు కాబోయేవాడు మధ్యాహ్నం వస్తుంటే, పొద్దున్నే ఒక మనిషి వచ్చి, ఆ ఇంటి ఇల్లాలి కాళ్ళు చూస్తూ ఈ ఇళ్ళలో జబ్బులేమున్నాయని అడుగుతున్నాడు. అదీ, ఎప్పుడూ వాగే మనిషి ఇప్పుడు గుట్టుగా అడుగుతున్నాడు. సంబంధం కలుపుకునే ముందు అటువాళ్ళు మనుషుల్ని పంపి ఆరా తీయడం ఆవిడ ఎరగనిది కాదు. తానే ఎన్నిసార్లో ఆ పని మీద పోయింది.

"నిన్ను కుప్పమోళ్ళు పంపినారా నాయినా?" అంది, గొంతు తగ్గించి.

"మీరేమనుకుంటాండారమ్మా?"

యశోదమ్మ తాయమ్మ వైపు చూసింది. తాయమ్మ కాలు ఇంకా లోపలికి లాక్కుంది. తరువాత ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఆ నీళ్ళను పొగడడం మొదలుపెట్టారు. కొబ్బరినీళ్ళు కూడా అంత తీయగా ఉండవన్నారు. అవి తాగి ఈ ఊళ్ళో ఒక్కరికి కూడా ఒంట్లో బాగాలేకుండా పోలేదన్నారు. కొండప్ప ఇంట్లో అయితే తుమ్ము కూడా ఎవరూ వినలేదన్నారు. అంతలో ఒక ముసలమ్మ కాలికి గుడ్డ చుట్టుకుని, కర్ర పట్టుకుని కుంటుకుంటూ వాళ్ళ ముందు నుంచే పోయింది. ఆమె పుట్టుక నుంచీ అలాగే నడుస్తుందని యశోదమ్మ చెప్పింది. ముసలమ్మ ఆగి, పోయిన ఉగాదికి తాను ఒక్కతే పుంగనూరు దాకా నడిచి పోయొచ్చానని చెప్పి ముందుకు పోయింది.

ప్రేమానందం బుర్ర గోక్కున్నాడు. అరుగు మీద విషమైన నీళ్ళు కళ్ళం దగ్గరికి వచ్చేసరికి అమృతమయ్యాయి. తాయమ్మ లేచి, ఇంటి దాకా ఒక్క అడుగు కూడా తడబడకుండా, నిటారుగా నడిచి పోయింది. ఆ నడక చూసి ప్రేమానందం, కొండప్ప తనతో అబద్ధం చెప్పాడా అనుకున్నాడు. గడప దాటగానే ఆమె గోడ పట్టుకుని కూలబడి, కాలు రెండు చేతులా పట్టుకుని, ఏడుపు మింగుకుని, ఆస్పత్రి మనిషి నిజంగా ఎవరి తరఫున వచ్చాడో మొగుడికి చెప్పింది.

పొద్దున అరుగు మీద తాను అన్న మాటలు ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకుంటూ కొండప్ప స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు.

ఈలోగా ప్రేమానందం ఊరి బయట బండ నీడకు చేరాడు. అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద అంజనప్ప. అతనికి మిలిటరీతో పని లేదు, పెళ్ళితో పని లేదు. గొర్రెలు ఆ మెట్లు దిగే నీళ్ళు తాగుతాయి. మెట్లు మూయాలని ఈ మనిషి ఎన్నేళ్ళుగా చెబుతున్నాడో అందరికంటే జాగ్రత్తగా విన్నవాడు అతనొక్కడే.

"ఏమప్పా, మెట్లు మూసేస్తారా?" అన్నాడు, ప్రేమానందం ఏమీ అడగకముందే.

"మీరేమనుకుంటాండారు?"

"మూసేస్తారనే అనుకుంటాండాము. ఎప్పుడు?"

ప్రేమానందం మళ్ళీ అదే మాట అన్నాడు. అంజనప్ప తనవాళ్ళ ముఖాలు చూశాడు. వాళ్ళు లేచి, కంబళ్ళు దులుపుకుని, తలా ఒక దిక్కుకు పోయారు. మాటలు ఇంత తొందరగా ముగిసినందుకు ప్రేమానందానికి ఆశ్చర్యమేసింది. వాళ్ళకు ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలేమోనని సరిపెట్టుకుని, సంకటి మూట విప్పబోతుంటే, కొత్త చొక్కా తొడుక్కున్న బాలప్ప వచ్చి, నాయన భోజనానికి పిలుస్తున్నాడని చెప్పాడు.

అతన్ని అరుగు దాటించారు. నడవ దాటించారు. లోపల పీట వేసి, ఆకు పరిచి, వియ్యంకుడి కోసం పూర్ణం పెట్టి చేసిన ఓళిగల్లో మొదటిది అతనికే వడ్డించారు. ఆ ఇంట్లోకి ఏ కిరస్తానీ అంత లోపలికి రాలేదు. పొద్దున తాను ఏవో నాలుగు మాటలు పరాచికానికి అన్నానని కొండప్ప నెయ్యి పోస్తూ చెప్పాడు. నీళ్ళు బంగారం లాంటివన్నాడు. తాయమ్మ కాలికి ఏమీ లేదన్నాడు. కావాలంటే వచ్చిన పెద్దమనిషి ఎదుటనే బావి నీళ్ళు ముంచుకుని తాగి చూపిస్తానన్నాడు. ప్రేమానందం నోటినిండా ఓళిగ ఉంది. ఈసారి అతను నియమం తప్పకుండా ఉండడానికి కష్టపడలేదు.

ఆకు తీయకముందే వీధిలో జట్కా ఆగింది.

చెంగల్రాయుడు నిలువెత్తు మనిషి. తలపాగా, కోటు, కాళ్ళకు గట్టి చెప్పులు. బండి దిగి నాలుగడుగులు చాలా జాగ్రత్తగా వేసి, ఆస్పత్రి మనిషి ఒకడు ఊళ్ళో ఉన్నాడట కదా అని మొదటి మాటగా అడిగాడు. దారిలో ఎవరో చెప్పారట. ఆ మాటతో, ప్రేమానందం కుప్పంవాళ్ళ మనిషేనన్న కొండప్ప అనుమానం గట్టిపడింది. కాళ్ళు కడుక్కోవడానికి కూడా ఇంట్లో ఆగనివ్వకుండా, మా బావి చూద్దురు గాని రండి అంటూ వియ్యంకుణ్ణి ఒక పక్కా, ప్రేమానందాన్ని ఒక పక్కా నడిపించుకుని బయలుదేరాడు. వెనక ఊరంతా కదిలింది.

బావి దగ్గర మెట్లు కనబడలేదు. గొర్రెలు కనబడ్డాయి. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా, కింద నీళ్ళలో కడుపు లోతు దాకా గొర్రెలే. ఊళ్ళో ఉన్నవీ, మేతకు పోయినవీ, పక్క పల్లెలవీ అన్నీ అక్కడే ఉన్నాయి. నీళ్ళు మజ్జిగ రంగులోంచి పేడనీళ్ళ రంగులోకి తిరిగాయి.

"ఇది ఏంది, అంజనప్పా?" అన్నాడు కొండప్ప.

"మూసేలోగా కడుపునిండా తాపిస్తాండామప్పా. ఈ దినమే మూసేస్తాండారు గదా. ఆ యప్పనే సెప్పినాడు."

ప్రేమానందం చెప్పలేదు. చెప్పలేదని చెప్పడానికి కూడా నోరు తెరవకూడదు. అంతలో దాసప్ప జనాన్ని తోసుకుని వచ్చాడు. కోటు వేసుకున్న కొత్త మనిషిని చూడగానే క్యాంపు కంట్రాక్టరు వచ్చాడని అతనికి రూఢి అయింది. చెంగల్రాయుడి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఊరిని కాపాడే పని తన మీదే పడిందన్నట్టు గొంతు పెంచాడు.

"దొరా, ఈ నీళ్ళు మీకు పనికిరావు. తాగినోళ్ళందరికీ నారి కురుపే. సూడండి, ఈ కొండప్ప పెండ్లామే కాలు తీసి కాలు పెట్టలేకుండాది."

జనం మధ్యలోంచి యశోదమ్మ ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళని అరిచింది. మంచివి కావని మగవాళ్ళు అరిచారు. గొర్రెలూ అరిచాయి. కొండప్ప ముఖం మాడిపోయింది. ఇంక మాటలతో పని లేదనుకున్నాడో ఏమో, రెండు గొర్రెల్ని పక్కకు నెట్టి, మెట్లు దిగి, చెంబు ముంచి, ఆ నీళ్ళు పైకెత్తి పట్టుకున్నాడు.

చెంగల్రాయుడు ప్రేమానందం వైపు తిరిగాడు. "నువ్వు ఆస్పత్రి మనిషివంట గదప్పా. ఈ నీళ్ళు తాగొచ్చునా?"

"మీరేమను..." అన్నాడు ప్రేమానందం. అప్పటికే చెంబు కొండప్ప పెదవులకు తగిలింది. తాగితే వచ్చే ఎండాకాలం ఈ మనిషి కూడా మంచం మీదే ఉంటాడు.

ప్రేమానందం గొర్రెల మధ్యలోంచి దూకి అతని చెయ్యి పట్టుకున్నాడు. చెంబు నీళ్ళలో పడింది. ఆ పైన పొద్దుటి నుంచి మింగిన మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. గొర్రెల అరుపుల మీదుగా వినబడాలని గొంతు చించుకుని చెప్పాడు. తనను మిలిటరీ పంపలేదన్నాడు. కుప్పంవాళ్ళు పంపలేదన్నాడు. ఈ రోజు ఎవరూ ఏదీ మూయడం లేదన్నాడు. మాట్లాడకుండా ఉండమని డాక్టరమ్మ పంపిందనీ, అది తనకు చేతకాలేదనీ చెప్పాడు. తరువాత పురుగు సంగతి చెప్పాడు. కురుపు కాలు నీళ్ళలో పెడితే ఏమవుతుందో, ఆ నీళ్ళు తాగితే ఏడాదికి ఏమవుతుందో, గుడ్డలో వడగడితే ఎందుకు మంచిదో, మెట్లు మూసి గోడ కడితే ఎందుకు ఈ జబ్బే ఉండదో, అంతా చెప్పాడు. ఇదంతా అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పిందే, ఒక్క ముక్క కూడా కొత్తది కాదు. కాకపోతే ఈసారి ఎవరూ తల ఊపలేదు. వింటున్నారు. ఎండ వాలేదాకా చెప్పి, గొంతులోంచి గాలి తప్ప ఇంకేమీ రాకపోయేసరికి ఆగాడు.

కొండప్ప మెట్ల మీదే తల వంచుకుని నిలబడ్డాడు. తాయమ్మ ఆడవాళ్ళ వెనక, ముడుచుకుని కూర్చుని ఉంది. మూడో సంబంధం కూడా పోయిందని ఆ ఇద్దరికీ తెలిసిపోయింది. బాలప్ప కొత్త చొక్కా చేతులు పైకి మడుచుకుని, మళ్ళీ దింపి, మళ్ళీ మడుచుకున్నాడు.

చెంగల్రాయుడు గట్టు రాయి మీద కూర్చున్నాడు. మెల్లగా చెప్పు విడిచి, పంచె అంచు పైకి లాగాడు. చీలమండ మీద గుడ్డ చుట్టి ఉంది. గుడ్డలోంచి చిన్న పుల్ల బయటికి కనబడుతోంది.

"మా ఊర్లోనూ మెట్లబావే కొండప్పా," అన్నాడు. "పోయినేడు మా బిడ్డకు వచ్చినాది, ఈ యేడు నాకు వచ్చినాది. మీకు తెలిస్తే సంబంధం వద్దంటారని దాసి పెట్టుకొని వచ్చినాను. దారిలో, ఆస్పత్రి మనిషి ఊర్లో కాళ్ళు సూస్తాండాడని విన్యాను. నా కాలు సూడనే మీరు పిలిపించినారనుకొని, జట్కా ఎనక్కి తిప్పమందామా అనుకుంటి."

తాయమ్మ పొద్దుటి నుంచి ముడుచుకున్న కాలును మెల్లగా ముందుకు చాపింది. చాపి, కళ్ళు మూసుకుంది.

కొండప్ప పైకి వచ్చి వియ్యంకుడి పక్కన కూర్చున్నాడు. కొంతసేపు ఇద్దరూ ఆ పుల్ల వైపే చూశారు.

"మా జేజినాయన కట్టించినాడు," అన్నాడు కొండప్ప. "నేను మూయిస్తాను."

మా గొర్రెల గతేమిటని అంజనప్ప వెంటనే అడిగాడు. బావి పక్కన రాతితొట్టి కట్టి, నీళ్ళు చేది పోస్తే తప్ప ఒప్పుకోనన్నాడు. తొట్టి బావికి ఆనుకుని ఉంటే పేడంతా మళ్ళీ బావిలోకే వస్తుందనీ, దూరంగా కట్టాలనీ ఒకరన్నారు. ఒక్క గిలక పెడితే రోజూ తగువులేననీ, రెండు కావాలనీ యశోదమ్మ పట్టుబట్టింది. అంతదాకా నీళ్ళు చీర మడతలో వడగట్టుకుంటామనీ, కురుపు ఉన్నవాళ్ళు బావిలోకి దిగకుండా పక్కింటివాళ్ళు వాళ్ళకు నీళ్ళు తెచ్చి పోస్తారనీ ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకుని చెప్పారు. గిలకలు నిలబెట్టడానికి మంచి రాతి కంబాలు కుప్పం నుంచి తానే పంపిస్తానని చెంగల్రాయుడు అన్నాడు. మిలిటరీవాళ్ళు వస్తే ఏం చేయాలని దాసప్ప అడుగుతూనే ఉన్నాడు. గోడ ఎంత ఎత్తుండాలని కొండప్ప ప్రేమానందాన్ని అడిగాడు. ప్రేమానందం నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. అతని కోసం కాసేపు చూసి, నడుము ఎత్తు ఉండాలని వాళ్ళే తీర్మానించుకున్నారు. గోడ పూర్తయ్యాకే ముహూర్తమని చెంగల్రాయుడు చివరి మాటగా అన్నాడు. బాలప్ప కొత్త చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, రాళ్ళు ఎక్కడున్నాయని అడిగాడు.

మరుసటి రోజు కొండప్ప తాయమ్మను బండిలో పడుకోబెట్టుకుని మదనపల్లె ఆస్పత్రికి తీసుకొచ్చాడు. డాక్టరమ్మ కట్టు కడుతుంటే, మెట్లు మూసేయాలని ఊరంతా తీర్మానించిన సంగతీ, చెంగల్రాయుడి ఊళ్ళోనూ ఇదే జబ్బున్న సంగతీ చెప్పాడు. ఆమె చేతిలోని గుడ్డ ఆగిపోయింది. ప్రేమానందాన్ని పిలిపించింది. అతను మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ప్రేమానందం మీకు ఏమీ చెప్పలేదు కదా?" అని ఆమె కొండప్పను అడిగింది.

కొండప్ప బాగా ఆలోచించాడు. గోడ ఎత్తు ఎంతని అడిగినా ఆ మనిషి నోట మాట రాకపోవడమే గుర్తొచ్చింది.

"ఆ యప్ప ఏమీ సెప్పలేదమ్మా," అన్నాడు. "మేమే అనుకున్యాము."

ప్రేమానందం రెండు చేతులూ ఎత్తి, జరిగింది జరిగినట్టు చెప్పబోయాడు. పొయ్యి ఊదినట్టు గాలి మాత్రం వచ్చింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఇంత నిగ్రహం ఇతనిలో ఉందని తాను అనుకోలేదనీ, చెంగల్రాయుడి ఊరికి కూడా ఇతన్నే పంపుతాననీ తాయమ్మతో చెప్పింది.

ఆదివారానికి ప్రేమానందం గొంతు బాగైంది గానీ, అప్పటికి, జరిగింది ఏమిటని అతన్ని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.